అభయం ఎవరికి? కిన్నెరసాని – పాపికొండల అటవీ సాహిత్యంలో స్థానిక సమాజాలు

తెలుగులో వన్యమృగాల రక్షణకై ప్రకటించిన అడవికి ‘అభయారణ్యం’ అన్న పేరు స్థిరపడింది. అభయం అన్న మాట వినగానే ఇచ్చేవారు, పుచ్చుకొనేవారు స్ఫురిస్తారు. ఎవరివల్ల భయమో ఆ మూడోవారు కూడా ఆ మాటలో ఇమిడే ఉంటారు. పరిపాలనా పరిభాషలో అభయమిచ్చేది ప్రభుత్వం, పొందేది మృగం. భయహేతువు ఎవరన్నది ఆ పదం పైకి చెప్పదు. ఆచరణలో మాత్రం ఆ స్థానం తరచుగా అడవి నడుమ, అడవి అంచున బతికే మనిషికే దక్కింది. ఈ స్థాన నిర్ణయంలో చట్టానికి ఎంత పాత్ర ఉందో, అడవిని వర్ణించిన సాహిత్యానికి కూడా అంత పాత్ర ఉందని, దానికి భిన్నమైన అవగాహన అదే ప్రాంతపు మౌఖిక సంప్రదాయంలో ఉందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందుకు ఎంచుకొన్న ప్రాంతం ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలం మన్యం మొదలయ్యే సరిహద్దు. పాల్వంచ అడవుల్లో 1977లో 635 చదరపు కిలోమీటర్లకు పైబడిన విస్తీర్ణంతో కిన్నెరసాని అభయారణ్యం ఏర్పడింది. గోదావరి దిగువన పాపికొండల అడవి 1978లో అభయారణ్యంగానూ, 2008లో వెయ్యి చదరపు కిలోమీటర్లకు మించిన జాతీయ ఉద్యానవనంగానూ ప్రకటితమైంది. ఈ అడవుల్లో అడవిదున్న, చుక్కల దుప్పి, కణుజు, కొండగొర్రె, ఎలుగుబంటి, చిరుత ఉన్నాయి. కిన్నెరసాని జలాశయంలో మొసళ్లున్నాయి. కోయలు, కొండరెడ్లు తరతరాలుగా ఈ నేల మీద ఉన్నారు. వీరి మీదుగా పరిపాలనా హద్దులు పలుమార్లు మారాయి. గోదావరికి ఒక దరిన ఉన్న పాల్వంచ నిజాం రాజ్యంలోను, మరొక దరిన ఉన్న భద్రాచలం మద్రాసు రాష్ట్రంలోను ఉండేవి. 1953లో ఏర్పడిన ఖమ్మం జిల్లాలో భద్రాచలం 1959లో చేరింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. ఒకే గట్టుకు చెందిన కోయ కుటుంబాలు ఈ మార్పుల వల్ల వేర్వేరు రాష్ట్రాల పౌరులయ్యాయి.

స్థలపురాణంలో అడవి మనిషి

ఈ ప్రాంతానికి సంబంధించి తెలుగువారందరికీ తెలిసిన తొలి కథనం భద్రాచల స్థలపురాణం. మేరు పర్వతరాజు కుమారుడు భద్రుడు తపస్సు చేసి, రాముని పాదస్పర్శ కోరి కొండగా మారాడు. కొండ ఇక్కడ జడపదార్థం కాదు, వ్యక్తి. ఆ కొండ మీద పుట్టలో ఉన్న విగ్రహాలను తొలిసారి కనుగొన్నది పోకల దమ్మక్క. భద్రిరెడ్డిపాలెం వాసి అయిన ఈ గిరిజన స్త్రీకి కలలో రాముడు కనిపించాడని, ఆమె పుట్టను కరిగించి విగ్రహాలను వెలికితీసి, ఆకుల పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టిందని ఐతిహ్యం. ఆ తరువాత పాల్వంచ పరగణా తహసీల్దారుగా కంచెర్ల గోపన్న వచ్చాడు. ఆలయం కట్టించాడు, చెర అనుభవించాడు, రామదాసుగా కీర్తనకర్త అయ్యాడు.

ఈ కథన నిర్మాణంలో గమనించవలసిన అంశం ఒకటుంది. స్థలాన్ని ఎరిగినది దమ్మక్క. పుట్టను పుట్టగా కాక అందులో ఉన్నదానితో సహా గుర్తించగలిగినదీ, అడవిలో దొరికిన పండుతోనే తొలి పూజ చేసినదీ ఆమె. అయినా తహసీల్దారు ప్రవేశించాక ఆమె కథలో నిలవదు. కనుగొన్నవారు ఒకరు, నిర్వహించేవారు మరొకరు. ఆ తరువాతి కథ అంతా కోశాగారం, పన్ను, నిర్మాణం, శిక్ష అనే రాజ్య వ్యవహారాల చుట్టూ తిరుగుతుంది. దమ్మక్కను భక్తురాలిగా స్మరించడంలో సంప్రదాయం లోటు చేయలేదు. కాని ఆమెకు ఆ కొండ మీద ఉన్న పరిజ్ఞానం, దానివల్ల రాగల అధికారం ఎక్కడికి పోయాయన్న ప్రశ్న స్థలపురాణానికి రాలేదు. మూడు శతాబ్దాల తరువాత ఇవే అడవుల్లో అభయారణ్యాలు ప్రకటించినప్పుడు కూడా కథ ఇదే క్రమంలో నడిచింది. మృగాల దారులు ఎరిగిన గూడేలు అక్కడే ఉన్నాయి, నిర్వహణ మాత్రం కార్యాలయానికి చేరింది.

భద్రాచలానికి ఎగువన ఉన్న పర్ణశాలకు ముడిపడిన బంగారు లేడి కథను కూడా ఈ దృష్టితో చదవవచ్చు. ఈ ప్రాంతంలో అత్యధికంగా చెప్పుకొనే మృగకథ అదే. వాల్మీకంలో సీత ఆ లేడిని ప్రాణంతో పట్టి తెమ్మంటుంది, అది కుదరకపోతే చర్మమైనా కావాలంటుంది. పెంపకం, చర్మం అనే రెండు కోరికలూ నగరం నుంచి వచ్చినవారివి. లేడి కూడా అడవి లేడి కాదు, మారీచుడి మాయ. ప్రసిద్ధమైన ఈ కథనంలో మృగానికీ అక్కడి జనానికీ మధ్య సంబంధానికి తావే లేదు. యాత్రికుడు పర్ణశాలలో చూసే అడవి కావ్యపు అడవి. దాని వెనుక ఉన్న దుమ్ముగూడెం అడవి అతని చూపులో పడదు.

కిన్నెరసాని పాటలు: వాగు, ఇల్లు, గూడెం

ఆధునిక కవిత్వంలో ఈ అడవికి శాశ్వతమైన కీర్తి తెచ్చినది విశ్వనాథ సత్యనారాయణ ‘కిన్నెరసాని పాటలు’. అత్త పెట్టే ఆరళ్లకు తాళలేక అడవికి వెళ్లిన కిన్నెర, వెంట వచ్చిన భర్త కౌగిట్లోనే కరిగి వాగవుతుంది. భర్త శిల అవుతాడు. ఆ వాగు నడకలు, నృత్యం, సంగీతం, దుఃఖం, చివరకు గోదావరీ సంగమం కావ్యవిషయాలు. వాగు గతిని తెలుగు పదం నడకలోనే వినిపించిన ఈ గేయాల శిల్పం మీద విమర్శకులు విస్తృతంగా రాశారు.

ఈ వ్యాసానికి సంబంధించిన ప్రశ్న వేరు. వాగు పుట్టుకకు కావ్యం చెప్పిన కారణం ఏ లోకానిది? అత్తాకోడళ్ల వైరం, మగని మౌనం, కోడలి అభిమానం అన్నీ మైదానపు గృహస్థ ధర్మానికి చెందిన విషయాలు. ఆ ధర్మం విఫలమైనప్పుడు అడవి శరణ్యమవుతుంది. స్త్రీ వేదన నదిగా మారడానికి తగినంత నిశ్శబ్దమూ, విశాలమూ ఆ అడవిలో ఉన్నాయి. అడవికి తనదైన గృహస్థ జీవితం ఉందన్న స్పృహ కథకు అవసరపడలేదు. కిన్నెరసాని ఒడ్డున చేపకు మాటు వేసే మనిషి, వాగు దాటే కణుజు అడుగును బట్టి అది ఎప్పుడు వెళ్లిందో చెప్పగల మనిషి ఈ ఇతివృత్తాన్ని నడిపించే పాత్రలు కారు.

ఇది కావ్యదోషమని అనడం సరికాదు. కవి కోరినది పురాణ కల్పన, దాన్ని సాధించాడు. విచారించవలసినది ఆ కల్పన పాఠకలోకంలో స్థిరపడిన తీరు. కిన్నెరసాని అనగానే తెలుగు పాఠకుడికి ఒంటరి స్త్రీ, ఒంటరి వాగు, నిర్జనమైన అడవి గుర్తుకొస్తాయి. తరువాతి కాలంలో ఆ వాగుకు ఆనకట్ట వచ్చింది. జలాశయం నీరు థర్మల్ విద్యుత్కేంద్రానికి వెళ్లింది. చుట్టూ ఉన్న అడవి అభయారణ్యమైంది. ఇవన్నీ జరిగినప్పుడు అక్కడి గూడేల సంగతి పాఠకలోకంలో పెద్దగా చర్చకు రాకపోవడానికి ఉన్న కారణాల్లో, మనసులో ముందే గీసుకొన్న నిర్జనారణ్య చిత్రం ఒకటి. 1872లో అమెరికాలో యెల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనం ప్రకటించినప్పుడు కూడా అడవిని మనిషి లేని ప్రదేశంగా చూసే ఊహే ఆధారమైంది. ఆ నేలతో తరతరాల సంబంధం ఉన్న ఆదివాసుల ఉనికి ఆ ఊహలో చెరిగిపోయింది. అక్కడ ప్రకృతి చిత్రకారులు చేసిన పనిని ఇక్కడ కావ్యం, కావ్యాన్ని ఆధారం చేసుకొన్న విహారయాత్రా వచనం చేశాయి.

అడవిదున్న కొండలు

నిర్జనారణ్య కల్పనకు భిన్నమైన లిఖిత సాక్ష్యం తెలుగేతరుని రచనలో లభిస్తుంది. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ నిజాం రాజ్యంలోని ఆదివాసులపై రాసిన మూడు బృహద్గ్రంథాల్లో 1943 నాటిది చెంచులను, 1948 నాటిది ఆదిలాబాదు రాజ్‌గోండులను గురించినవి. నడిమిది 1945లో వెలువడింది. అది కొండరెడ్లను గురించినది. దాని శీర్షికలో ఆయన పాపికొండలను ‘అడవిదున్నల కొండలు’ అన్న అర్థం వచ్చే పేరుతో పేర్కొన్నాడు. మృగం, కొండ, మనిషి ముగ్గురూ ఒకే శీర్షికలో కలిసిన సందర్భమిది.

ఆ గ్రంథంలో కొండరెడ్డి పోడు కొట్టేవాడు, జీలుగు కల్లు గీసేవాడు, మామిడి టెంక పిండి తిని కరవు నెలలు దాటేవాడు. కలప, వెదురు వ్యాపారుల అప్పుల్లో చిక్కి వెట్టి చేసేవాడు కూడా. అడవిని నరికినది కొండరెడ్డి గొడ్డలే అయినా నరికించినది వ్యాపారి ఖాతాపుస్తకం. సంరక్షణ చర్చలో ‘అడవిని నాశనం చేసేవారెవరు’ అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా ఈ భేదాన్ని గుర్తుంచుకోవలసి ఉంటుంది. అదే అటవీ మండలంలో తరువాత బొగ్గు గనులు, విద్యుత్కేంద్రం, కాగితపు మిల్లు వచ్చాయి.

హైమెండార్ఫ్ పరిశీలనకు ఉన్న పరిమితి, ఆయన నిజాం ప్రభుత్వానికి సలహాదారుగా కూడా పనిచేసినవాడు కావడం. ఆదివాసిని కాపాడవలసిన ప్రజగా చూసిన దృష్టి అది. ఇక్కడ కూడా అభయమిచ్చేది ప్రభుత్వమే, మృగం స్థానంలో మనిషి వచ్చాడు. కాపాడే శక్తి ఆ మనిషికే ఉండవచ్చునన్న ఆలోచనకు మౌఖిక సాహిత్యాన్ని ఆశ్రయించాలి.

పులులు ఇచ్చిన అభయం

కోయల మౌఖిక సంప్రదాయంలో సమ్మక్క కథకు కేంద్ర స్థానం ఉంది. మేడారం నేటి ములుగు జిల్లాలోనిదైనా ఆ కథకు జిల్లా హద్దులు లేవు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య దాన్ని కోయ భాషలోనూ తెలుగులోనూ గానం చేశారు. ఆయనకు 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది. డోలి కోయలు పాడే వంశగాథలకు ‘పడిగె’ ఆధారం. త్రికోణాకారపు గుడ్డమీద బొమ్మలుగా కుట్టిన ఆ గాథలను జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు సాహిత్యలోకానికి పరిచయం చేశారు.

సమ్మక్క కథారంభం ఈ చర్చకు అత్యంత ముఖ్యం. అడవికి వేటకు వెళ్లిన కోయలకు పులుల మధ్య ఆడుకొంటున్న పసిపాప కనిపించింది. వారు ఆమెను గూడేనికి తెచ్చి పెంచారు. ఆమె రాక తరువాత గూడెం బాగుపడింది. కాకతీయ సేనతో జరిగిన పోరులో గాయపడిన సమ్మక్క చివరకు చిలకలగుట్ట వైపు నడిచి అదృశ్యమైంది. వెదికినవారికి కుంకుమ భరిణె దొరికింది.

ఈ కథలో అభయం దిశ మారింది. పసిపాపకు అభయమిచ్చినవి పులులు. వేటగాళ్లు వేటకని వెళ్లి, చంపవలసిన మృగం కాచిన బిడ్డను తెచ్చుకొన్నారు. అంటే గూడేనికి తల్లి అయిన స్త్రీ మొదట అడవి బిడ్డ. ఆమె మళ్లీ కొండకే వెళ్లిపోవడంతో అడవి ఇచ్చినదాన్ని అడవికి అప్పగించినట్లయింది. కాకతీయ సేన పన్ను కోసం వచ్చిందన్న ఐతిహ్యాన్ని దీని పక్కన పెట్టి చూస్తే రెండు రకాల బాకీలు కనిపిస్తాయి. రాజుకు బాకీ బలవంతపు వసూలు. అడవికి బాకీ కథ ద్వారా ఒప్పుకొన్నది. మొదటిదాన్ని ఎదిరించినవారే రెండోదాన్ని చెల్లిస్తున్నారు.

ఈ ఒప్పుకోలు కథలోనే ఆగిపోలేదు. చిలకలగుట్ట మీదికి పూజారులు తప్ప ఇతరులు ఎక్కరాదన్న కట్టుబాటు ఉంది. రెండేళ్లకొకసారి లక్షలాది జనం మేడారం చేరినా గుట్ట నుంచి అమ్మను తెచ్చేది పూజారులే. ఈ కట్టుబాటును రాసింది ఏ అటవీ చట్టమూ కాదు. దేవత నివాసం కనుక అది నిషిద్ధస్థలం. ఒక కొండను మనిషి వాడకం నుంచి తప్పించి ఉంచడం నేటి పరిభాషలో సంరక్షణ. కోయ పరిభాషలో అది మర్యాద. తల్లి ఇంటికి పిలవకుండా వెళ్లకపోవడం.

కొమ్ము నృత్యంలో ఈ సంబంధం మరొక రూపం తీసుకొంది. అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు తలకు ధరించి, పెద్ద డోళ్లు మెడలో వేసుకొని పురుషులు దున్నల పోరును అభినయిస్తారు. దున్న నడక, తల వంచే తీరు, కాలితో నేల తవ్వే తీరు చూసి నేర్చినవారే దాన్ని నృత్యంగా చేయగలరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవిదున్నను అత్యున్నత రక్షణ పొందే మొదటి షెడ్యూలులో చేర్చింది. కనుక కొత్త కొమ్ము సేకరించడానికి వీలులేదు. నృత్యం నిలవాలంటే తాతల నాటి కొమ్మును భద్రపరచాలి, లేదా దాని రూపాన్ని మరో పదార్థంతో అనుకరించాలి. కోయ కళాకారుడు ఈ మార్పుకు లోబడ్డాడు. ప్రభుత్వ ఉత్సవ వేదికల మీద కొమ్ము నృత్యం స్వాగతాంశమైంది. వేదిక మీద దున్నకు ప్రతినిధిగా గౌరవం పొందే ఆ మనిషే దున్న తిరిగే అడవిలోకి పుట్టతేనెకో, ఇప్పపువ్వుకో వెళ్లినప్పుడు అనుమతి చూపవలసినవాడు కావడం ఈ కాలపు వైరుధ్యం.

‘ప్రకృతి ప్రేమ’ అన్న వ్యాఖ్య చాలదు

ఇంతవరకు చెప్పిన దాన్నిబట్టి ఆదివాసి సహజంగానే ప్రకృతి ప్రేమికుడు అన్న నిర్ధారణకు రావడం తేలిక. తెలుగులో గిరిజన సాహిత్యంపై వచ్చిన అనేక పరిశోధనల్లో ఈ వాక్యం ముగింపు వాక్యంగా కనిపిస్తుంది. దీనివల్ల మేలుకన్న కీడే ఎక్కువ. ప్రేమికుడని మెచ్చిన చేయి, అతడు ఒక్క పందిని కొట్టిన రోజున ద్రోహి అని రాయడానికి వెనుదీయదు.

విత్తులు చల్లే ముందు జరిపే విజ్జ పండుగ ఇందుకు ఉదాహరణ. ఆ పండుగలో మగవారు మూకుమ్మడిగా వేటకు వెళ్తారు. ఉత్త చేతులతో తిరిగివచ్చినవారిని ఆడవారు ఎగతాళి చేస్తారు. వేట ఇక్కడ విత్తనపు శుభానికి ముడిపడింది. దీన్ని ప్రకృతి ప్రేమ అనలేం. అట్లని దీన్ని విచ్చలవిడి హింస అనీ అనలేం. దానికి కాలం ఉంది, కలిసి వెళ్లాలన్న నియమం ఉంది, దొరికినదాన్ని పంచుకోవాలన్న కట్టుబాటు ఉంది. చిక్కుడుకాయనైనా, మామిడికాయనైనా కొత్తల పండుగ చేయకముందు ముట్టరాదన్న నియమం కూడా ఈ కోవలోదే. కాయ ముదిరి గింజ నిలిచేవరకు చేతిని ఆపే నియమమది. ఈ సంప్రదాయంలో పదే పదే కనిపించేది భావావేశం కాదు, లెక్క. ఎప్పుడు, ఎక్కడ, ఎంత, ఎవరితో కలిసి అన్న నాలుగు ప్రశ్నలకు సమాధానం ఉన్న వ్యవహారం. దీన్ని ‘ఒడంబడిక’ అనడం సముచితం. ఒడంబడికకు ప్రేమ అవసరం లేదు, ఎదుటి పక్షం ఉందన్న గుర్తింపు, మాట తప్పితే తగిలే నష్టం మీద ఎరుక చాలు.

ఒడంబడిక అన్నప్పుడు అది చెడిపోగలదన్న సంగతినీ ఒప్పుకోవాలి. విద్యుత్ తీగలతో పన్నే ఉచ్చుకు కాలం లేదు, పంపకం లేదు. అది సంతలోని మాంసపు ధరకు చెందినది. దాన్ని వేట సంప్రదాయమని సమర్థించే విమర్శ ఆ సంప్రదాయాన్ని సరిగా చదవనట్లే. ఛత్తీస్‌గఢ్ హింస నుంచి తప్పించుకొని వచ్చి ఈ అడవుల్లో స్థిరపడిన గుత్తికోయల పరిస్థితి మరీ జటిలమైనది. వారికి కొండతో ఒడంబడిక ఉంది, కాని అది వదిలివచ్చిన కొండతో. కొత్త చోట వారికి పట్టా లేదు, కట్టుబాట్లు గుర్తించే పొరుగూ అన్నిచోట్లా లేదు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు వివాదం నడుమ ఒక అటవీ రేంజ్ అధికారి హత్యకు గురికావడం ఈ ప్రాంతాన్ని కుదిపివేసింది. విధి నిర్వహణలో ఉన్న మనిషి ప్రాణం పోయింది. తరువాత మొత్తం గుత్తికోయ సమాజం అనుమానపు నీడలో పడింది. ఒడంబడిక లేని చోట భయం ఇరువైపులా పనిచేస్తుందనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

చట్టం మృగాన్ని, మనిషిని ఎదురెదురుగా నిలిపినప్పుడు ఏమవుతుందో తెలుగు నవల ఒకటి లోతుగా చిత్రించింది. పెద్దింటి అశోక్‌కుమార్ ‘జిగిరి’ ఈ అడవికి చెందిన నవల కాదు, ఎలుగుబంటిని ఆడించి బతికే కుటుంబం కథ. ఎలుగును వదిలించుకొంటే భూమి దక్కుతుందన్న ఆశ ఆ ఇంట్లో చీలిక తెస్తుంది. మృగరక్షణకై చేసిన ఏర్పాటే ఆ మృగం ప్రాణానికి ముప్పు తెచ్చే స్థితిని నవల నిర్మించింది. ఎలుగును ఇంటి బిడ్డగా చూసిన తండ్రిని రచయిత మహాత్ముణ్ణి చేయలేదు. దాని మూతికి తాడు వేసి ఆడించింది అతడే. బంధమూ బంధనమూ కలిసి ఉన్న ఈ సంక్లిష్టతను ఒప్పుకొన్నందువల్లనే ఆ నవల ప్రచార రచన కాలేదు. కిన్నెరసాని–పాపికొండల మీద రాసే రచయితలకూ, విమర్శకులకూ అది పనికివచ్చే నమూనా.

చట్టపాఠంలో వచ్చిన మార్పు

చట్టాన్ని కూడా ఒక పాఠంగా చదివితే కర్తృపదం ఎవరిదన్న ప్రశ్న ముఖ్యమవుతుంది. 1882 మద్రాసు అటవీ చట్టం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1980 అటవీ సంరక్షణ చట్టం వేర్వేరు లక్ష్యాలతో వచ్చినా, కాపాడే క్రియకు కర్త ప్రధానంగా ప్రభుత్వమే. 1990ల్లో వన సంరక్షణ సమితులు వచ్చాయి. వాటి పేరులో సంరక్షణ ఉంది, గ్రామస్థుడికి సభ్యత్వం ఉంది, కాని ప్రణాళిక అటవీశాఖది. కర్త మారలేదు, సహాయకుడు చేరాడు.

2006 అటవీ హక్కుల చట్టం ఈ వాక్యనిర్మాణాన్ని మార్చింది. దాని అయిదో సెక్షన్ వన్యప్రాణులను, అడవిని, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారాన్ని హక్కుదారులకు, గ్రామసభకు ఇచ్చింది. మృగాలకు హాని చేసే పనులను ఆపేందుకు గ్రామసభ తీసుకొన్న నిర్ణయాలు అమలయ్యేలా చూసే అధికారం కూడా అందులో ఉంది. మృగాలకు అత్యవసరమైన ఆవాసం నుంచి జనాన్ని తరలించాలంటే గ్రామసభ సమ్మతి తప్పనిసరి చేసింది. ఇక్కడ మొదటిసారి గూడెం కాపాడే క్రియకు కర్త అయింది. కర్ణాటకలో బిళిగిరి రంగనాథ కొండల సోలిగలకు 2011లో పులుల అభయారణ్యంలోనే సాముదాయక అటవీ హక్కుల గుర్తింపు లభించింది. 2013లో ఒడిశా నియంగిరిలో డోంగ్రియా కోంధుల గ్రామసభలు తమ కొండమీద గనిని తిరస్కరించాయి. నల్లమలలో పులుల జాడ తీయడంలో, అడవి కాపలాలో చెంచుల సేవలను అటవీశాఖే వాడుకొంటోంది.

ఖమ్మం–భద్రాచలం సరిహద్దులో ఈ చట్టం మీద జరిగిన చర్చలో అధిక భాగం పోడు పట్టాకు పరిమితమైంది. 2023 జూన్ చివర తెలంగాణ ప్రభుత్వం పెద్దయెత్తున పట్టాల పంపిణీ ప్రారంభించింది. సాగు చేసే కుటుంబానికి అది ప్రాణాధారం, దాని విలువను తక్కువ చేయడానికి లేదు. కాని పట్టా వ్యక్తికి చెందినది, చేనుకు హద్దు గీసేది. చిలకలగుట్ట వంటి కట్టుబాటు, కొత్తల పండుగ వంటి కాలనియమం సమూహానికి చెందినవి. అవి పట్టాలో రాయదగినవి కావు. అయిదో సెక్షన్ అమలుకు కావలసిన సామగ్రి, అంటే ఏ గుట్ట నిషిద్ధం, ఏ కాలంలో ఏది ముట్టరాదు, ఏ వాగు ఏ మృగానిది అన్న పరిజ్ఞానం, మౌఖిక సాహిత్యంలో ఉంది. అటవీ అధికారి దాన్ని చదవలేకపోతే కారణం అతని నిర్లక్ష్యం ఒక్కటే కాదు. దాన్ని సేకరించి, అర్థవంతంగా అందించవలసిన విద్యాశాఖలు ఆ పనిని పాటల సంకలనం దగ్గరే ఆపివేశాయి.

తెలుగు పరిశోధన బాధ్యత

కొండరెడ్ల మాతృభాష తెలుగు. వారి మాట, పాట, సామెత తెలుగు సాహిత్యానికి పొరుగు సంపద కావు, తెలుగు సంపదే. మృగాల అడుగులకు, అరుపులకు, వయసులకు, మందలకు వారి మాండలికంలో ఉన్న పదజాలం తెలుగు నిఘంటువులో చేరవలసినది. కోయ వేరే ద్రావిడ భాష అయినా ఈ సరిహద్దు కోయలు చాలామంది రెండు భాషల్లోనూ కథ చెప్పగలరు. ఈ ద్విభాషా స్థితి పరిశోధకుడికి వరం. వరంగల్లులోని జానపద గిరిజన విజ్ఞానపీఠం వంటి సంస్థలు ఇందుకు పునాది వేశాయి.

ఆ పునాది మీద చేయవలసిన పనికి మూడు నియమాలు అవసరం. మొదటిది, కథను దాని స్థలంతో సహా సేకరించాలి. గుట్ట పేరు లేని గుట్ట కథ, ఋతువు తెలియని వేట పాట సంరక్షణకు ఉపయోగపడవు. రెండోది, కథకుణ్ణి సమాచారదాతగా కాక వ్యాఖ్యాతగా గుర్తించాలి. పడిగె మీది బొమ్మకు అర్థం చెప్పగలవారు ఆ పడిగె పట్టినవారు. నిషిద్ధ స్థలాల వివరం బయటపెట్టాలా వద్దా అన్న నిర్ణయం కూడా వారిదే కావాలి, ఎందుకంటే ఏ గుట్టలో ఏ మృగముందో అచ్చు వేయడం వేటగాడికి దారి చూపడమే కావచ్చు. మూడోది, పొగడ్తను పరిశీలనగా చలామణి చేయరాదు. చెడిన ఒడంబడికను, మారిన వేటను, గూడెంలోనే ఉన్న భేదాభిప్రాయాలను కూడా నమోదు చేయాలి.

ఈ పనికి కాలం కూడా అపరిమితంగా లేదు. సకిని రామచంద్రయ్య 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆయన గళంలో ఉన్న గాథల్లో నమోదైనవి నిలుస్తాయి, మిగిలినవి ఆయనతోపాటు పోయాయి. పోలవరం ముంపు వల్ల గూడేలు తరలినప్పుడు కథలు కూడా తమ గుట్టలను విడిచి కొత్త కాలనీలకు చేరుతున్నాయి. గుట్ట కంటికి కనిపించని చోట గుట్ట మీది కట్టుబాటు ఎంతకాలం నిలుస్తుందన్నది సాహిత్య పరిశోధకుడు, అటవీ పరిశోధకుడు కలిసి అడగవలసిన ప్రశ్న.

స్థలపురాణంలో దమ్మక్క వెనక్కి తగ్గింది, కిన్నెరసాని కావ్యంలో గూడెం కథ అంచుకు చేరింది, అటవీ చట్టాల్లో చాలాకాలం ఆదివాసి భయహేతువుగా మిగిలాడు. మూడింటి కాలాలు, ప్రయోజనాలు వేరైనా దృష్టి ఒకటే. దానికి సమాధానం ఆదివాసిని ఆదర్శమూర్తిగా నిలబెట్టడం కాదు. పులుల మధ్య దొరికిన పాప కథ చెప్పినట్లు, అభయం ఒక్క చేతి నుంచి జారే దానం కాదు, మనిషికీ మృగానికీ మధ్య ఇచ్చిపుచ్చుకొనే మాట. అభయారణ్యం అన్న పేరు ఆ అడవికి సార్థకం కావాలంటే ఆ మాట ఇచ్చినవారిని, నేటికీ దాన్ని గుర్తుంచుకొన్నవారిని కర్తలుగా ఒప్పుకోవాలి.